రాలే చుక్కలు

వేసవి రాత్రుల్లో ఆరుబయట పడుకొని ఆకాశాన్ని చూస్తుంటే అప్పుడప్పుడు ఒక కాంతిరేఖ తళుక్కున మెరిసి మాయమవుతుంది. ‘చుక్క రాలింది’ అంటారు మన పెద్దలు. నిజానికి రాలేది నక్షత్రం కాదు. తోకచుక్కలు విడిచిన ధూళి, గ్రహశకలాల ముక్కలు సూర్యుని చుట్టూ తిరుగుతూ భూమికి ఎదురుపడి, వాతావరణంలో ప్రవేశించి మండుతాయి. అవే ఉల్కలు. వాటిలో అధికభాగం ఇసుక రేణువంతటివే.

ఉల్క ఎందుకు మండుతుంది? గాలి రాపిడివల్ల అని చాలామంది చెబుతారు. అది సంపూర్ణ సత్యం కాదు. ఉల్కలు సెకనుకు 11 నుండి 72 కిలోమీటర్ల వేగంతో దూసుకువస్తాయి. చిన్న రేణువులను గాలి అణువులు నేరుగా ఢీకొని ఆవిరి చేస్తాయి. పెద్ద శిల వస్తున్నప్పుడు మాత్రం ఎదుటనున్న గాలికి పక్కకు తొలగే వ్యవధి ఉండదు. అది శిల ముందే నొక్కుకుపోతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనకు అనుభవమే. అదేవిధంగా నొక్కుకుపోయిన గాలి వేల డిగ్రీల వేడిని పొంది, శిల పైపొరలను కరిగించి ఆవిరి చేస్తుంది. గాలి ఒత్తిడికి శిల బద్దలు కావచ్చు కూడా.

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగర ప్రాంతంలో ఇదే జరిగింది. సుమారు 20 మీటర్ల వెడల్పుగల శిల ఒకటి సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో వచ్చి, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో పేలిపోయింది. సూర్యుని మించిన ఆ వెలుగును చూసి ఎందరో ఆశ్చర్యంతో కిటికీల వద్దకు చేరారు. కాంతి క్షణంలో వచ్చింది. పేలుడువల్ల పుట్టిన గాలి తాకిడి నగరాన్ని చేరడానికి రెండు నిమిషాలకు పైగా పట్టింది. అది తగిలి వేలాది కిటికీల అద్దాలు పగిలాయి. సుమారు 1500 మంది గాయపడ్డారు. ఎక్కువమందిని గాయపరచినవి గాజుముక్కలే.

ఆ నగరంలోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలు వెలుగును చూడగానే 44 మంది పిల్లలను బల్లల కిందికి చేరమన్నారు. గాజుముక్కలు తగిలి ఆమె చేతికి తీవ్రగాయమైంది. పిల్లలలో ఒక్కరికీ దెబ్బ తగలలేదు.

వాతావరణం మనకు కవచం వంటిది. అయితే పెద్ద శిలను అది అడ్డుకున్నప్పుడు ఆ తాకిడి నేలను చేరవచ్చు. ఆకాశంలో కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగాలి. వెలుగు వెనుక గాలి వస్తుందని ఎరిగినవారికి ఆ రెండు నిమిషాలు చాలు.