స్టోరు గది కిటికీ దగ్గర ఎవరున్నారు?

బాలలూ! మీ బడిలో సైన్సు ప్రయోగశాలను ఆనుకొని ఒక స్టోరు గది ఉంటుంది. ఆమ్లాలు, స్పిరిటు అన్నీ అందులోనే. మిమ్మల్ని లోపలికి రానివ్వరు. ఏం కావాలో అటెండరుకు చెబితే, అతడు చీటీ మీద సీసా నంబరు వేసి కిటికీలోంచి అందిస్తాడు. లోపలివారు ఆ నంబరు చూచి సీసా ఇస్తారు. పేర్లతో వారికి పని లేదు.

కంప్యూటర్‌లోనూ ఇంతే. మీరు వ్రాసిన ప్రోగ్రాం డిస్కును గాని, తెరను గాని తనంత తాను తాకలేదు. వాటి మీద అధికారమంతా ఆపరేటింగ్ సిస్టంలో గర్భగుడి వంటి 'కెర్నెల్' అనే భాగానిది. ప్రోగ్రాం కెర్నెల్‌ను సాయం అడగటాన్నే 'సిస్టం కాల్' అంటారు. అడగటం నంబరుతోనే. లినక్స్ కెర్నెల్‌లో 'రైట్' (వ్రాయి) అనే పనికి 64 బిట్ల ఇంటెల్ రకం ప్రాసెసర్ మీద నంబరు 1. పాత 32 బిట్ల రకంలో అదే పనికి 4. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్‌లో 64. ఒక్కో బడిలో సీసాలకు ఒక్కో వరుస అన్నమాట!

ఇన్ని నంబర్లు ఎవరు గుర్తుంచుకోగలరు? 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డెన్నిస్ రిచీ రూపొందించిన 'సి' భాషకు ఒక ప్రామాణిక లైబ్రరీ ఉంది. మన అటెండరు అందులో ఉన్నాడు. అతని పేరు 'ర్యాపర్'. మీరు 'రైట్' అని పేరు పెట్టి పిలిస్తే చాలు. అతడు నంబరును, మీరిచ్చిన వివరాలను ప్రాసెసర్‌లోని రిజిస్టర్లనే చిన్న అరల్లో సర్ది, కెర్నెల్‌ను పిలుస్తాడు. పని జరగకపోతే కెర్నెల్ ఋణ సంఖ్య ఇస్తుంది. ఉదాహరణకు −2 అంటే 'అటువంటి ఫైలు లేదు'. ర్యాపర్ ఆ 2ను 'ఎర్‌నో' అనేచోట దాచి, మీకు −1 మాత్రం ఇస్తాడు. ఎర్‌నోను చూడకుండా −1 చూచి తల పట్టుకునేవారే ఎక్కువ!

మరి కెర్నెల్‌లో కొత్త సిస్టం కాల్ వస్తే? అటెండరుకు ఎవరో చెప్పాలి గదా. ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. ఒక ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే శాఖలను 'థ్రెడ్లు' అంటారు. థ్రెడ్ తన గుర్తింపు నంబరును తెలుసుకునే 'గెట్‌టిఐడి' అనే కాల్ లినక్స్‌లోకి 2001లో వచ్చింది. లినక్స్‌లో ఎక్కువగా వాడే గ్నూ సి లైబ్రరీలో దానికి ర్యాపర్ వచ్చింది 2019లో, 2.30 వెర్షన్‌లో. పద్ధెనిమిదేళ్లు!

ఈలోగా అవసరమున్నవారు 'సిస్‌కాల్' అనే సాధారణ ఫంక్షన్‌కు నంబరిచ్చి పని జరుపుకున్నారు. అందులో ఒక చిక్కుంది. ఇచ్చిన వివరాలు సరైనవో కావో కంపైలర్ పరీక్షించలేదు. కొందరు తామే 'గెట్‌టిఐడి' అనే ఫంక్షన్ వ్రాసుకున్నారు. తీరా 2019లో లైబ్రరీ అదే పేరు ప్రకటించేసరికి, వారి ప్రోగ్రాంలు కొన్ని కంపైల్ కాక మొరాయించాయి. ఒకే తరగతిలో ఇద్దరు రాముళ్లుంటే హాజరు పిలిచేటప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు.

వ్రాయవలసింది కొంచెమే. సరళమైన కాల్‌కు ఆ లైబ్రరీలోని పట్టికలో ఒక్క వరుస చేరిస్తే ర్యాపర్ దానంతటదే తయారవుతుంది. కాని హెడర్‌లో ప్రకటన కావాలి, పరీక్షా ప్రోగ్రాం కావాలి, ఏ వెర్షన్‌లో చేరిందో ముద్ర పడాలి. ఆ ముద్ర పడిన పేరును తరువాత తీసివేయటానికి వీలుండదు. దాని మీద ఆధారపడిన ప్రోగ్రాంలు ఆగిపోతాయి మరి. లైబ్రరీవారి జంకు నాకు అర్థమవుతుంది. అయినా పద్ధెనిమిదేళ్లు ఎక్కువే.

జాప్యం వల్ల నష్టమేమిటంటారా? రహస్య సంకేతాలకు ఎవరూ ఊహించలేని సంఖ్యలు కావాలి. పూర్వం వాటికోసం ఒక ప్రత్యేక ఫైలును తెరిచేవారు. కాని ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరువగల ఫైళ్లకు హద్దు ఉంది. శత్రువు వందలకొద్దీ కనెక్షన్లు పెట్టి ఆ హద్దును నింపేస్తే, ఆ ఫైలు తెరుచుకోదు. అప్పుడు అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాం సులభంగా ఊహించగల సంఖ్యలనే వాడేయవచ్చు. తాళం ఉంటుంది గాని దొంగ చేతిలోనూ చెవి ఉంటుంది. ఫైలు తెరవనక్కరలేని 'గెట్‌ర్యాండమ్' అనే కాల్ 2014లో కెర్నెల్‌లో చేరింది. గ్నూ లైబ్రరీలో ర్యాపర్ 2017 ఫిబ్రవరిలో వచ్చింది.

లినక్స్ కంప్యూటర్ దొరికితే ఇలా చేసి చూడండి. 'రైట్'‌తో తెర మీద 'నమస్తే' అని వ్రాయించండి. యుటిఎఫ్-8 పద్ధతిలో ఈ మాటలో ఆరు సంకేతాలు: న, మ, స, పొల్లు, త, ఏత్వం. ఒక్కొక్కటి 3 బైట్లు. పంక్తి చివరి గుర్తుతో కలిపి మొత్తం 19. 'ఎస్‌ట్రేస్' అనే పరికరంతో ఆ ప్రోగ్రాంను నడిపితే కెర్నెల్ తిరిగి ఇచ్చిన 19 కనిపిస్తుంది. తరువాత తెర నంబరు 1కి బదులు, మీరు తెరవని 77 ఇవ్వండి. మీ చేతికి −1 వస్తుంది. ఎర్‌నోలో ఏముందో చూడండి. 9 ఉండాలి.