బంధువుల బిడ్డ – దత్తత చట్టం

1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడిక ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ అందులోని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దుర్గ్ జిల్లాకు చెందిన ఈ పట్టణానికి దేశం నలుమూలల నుండి శ్రామికులు తరలివచ్చారు. సెక్టర్ 2 వంటి నివాస ప్రాంతాలలో తెలుగు, హిందీ, బెంగాలీ, మలయాళ కుటుంబాలు ఇరుగుపొరుగుగా జీవించడం అలవాటైనది.

కొలువు కోసం మనిషి దూరం వచ్చినా, రక్తసంబంధం ఊరిలోనే ఉంటుంది. స్వగ్రామంలో అక్కకో, తమ్మునికో ఆపద వాటిల్లితే, వారి బిడ్డను చేరదీయడం మన కుటుంబాలలో సహజ ధర్మం. అయితే ఊరందరికీ తెలిసిన ఆ బంధుత్వం పరాయి పట్టణంలోని పాఠశాల రిజిష్టరుకు తెలియదు. తండ్రి పేరు, సంరక్షకుని సంతకం, వారసత్వపు హక్కు అనే ప్రశ్నలు ఎదురైనప్పుడు ప్రేమ ఒక్కటే సమాధానం కాజాలదు. పెంపకం వేరు, దత్తత వేరు. ఎన్నేళ్లు పెంచినా, చట్టప్రకారం దత్తత జరగనంత వరకు ఆ బిడ్డకు పెంచినవారి సంతానమనే హోదా లభించదు.

పూర్వాచారం

నంద పండితుని 'దత్తక మీమాంస' ద్విజులకు కుమార్తె కొడుకును, సోదరి కొడుకును దత్తత చేసుకొనరాదని నిషేధించినది. కాని దక్షిణ దేశంలో ఆచారం అందుకు భిన్నంగా నడిచినది. న్యాయస్థానాలు ఆ ఆచారాన్ని మన్నించాయి. ఏకైక పుత్రుని దత్తత ఇవ్వవచ్చునా అనే వివాదం బలుసు వారి తెలుగు కుటుంబపు వ్యాజ్యంగా లండనులోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్లినది. అటువంటి దత్తత చెల్లునని 1899లో తీర్పు వెలువడినది. ఆనాటి చర్చ అంతా పిండోదకాల గురించి, వంశం నిలవడం గురించి. బిడ్డ మేలు గురించిన ప్రస్తావన స్వల్పం. ఆడపిల్ల దత్తతకు ధర్మశాస్త్రంలో దాదాపు చోటే లేకపోయినది.

నేటి మూడు మార్గాలు

మొదటిది, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దీనివలన లభించేది సంరక్షకత్వం మాత్రమే. బిడ్డకు మైనారిటీ తీరగానే అది ముగుస్తుంది, వారసత్వం సంక్రమించదు.

రెండవది, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. ఆడపిల్లను కూడా దత్తత చేసుకొనే హక్కును ఈ చట్టం స్పష్టంగా ఇచ్చినది. ఇచ్చుట, పుచ్చుకొనుట అనేవి యథార్థంగా జరగవలెను. దత్తహోమం తప్పనిసరి కాదు. అయితే కొన్ని పరిమితులు ఉన్నవి. విరుద్ధ ఆచారం లేనియెడల బిడ్డ వయస్సు 15 సంవత్సరాలు నిండి ఉండరాదు. స్వంత కుమార్తె జీవించి ఉండగా మరొక బాలికను దత్తత చేసుకొనరాదు. బిడ్డను ఇచ్చే అధికారం తల్లిదండ్రులదే. వారిరువురు మరణించినచో సంరక్షకుడు న్యాయస్థానపు అనుమతి ముందుగా పొందవలెను.

మూడవది, 2015 నాటి బాల న్యాయ చట్టం. ఏ మతస్థులైనను బంధువుల బిడ్డను దీని క్రింద దత్తత చేసుకొనవచ్చును. అంతకుముందరి చట్టం అమలులో ఉన్న కాలంలోనే, 2014లో, షబ్నం హష్మీ వ్యాజ్యంలో సుప్రీం కోర్టు ఈ మార్గం అన్ని మతాల వారికి తెరిచి ఉన్నదని, దానిని అనుసరించడం వారి ఇష్టమని స్పష్టం చేసినది. సెక్టర్ 2లో పక్క పక్క ఇండ్లలో నివసించే హిందూ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు మూడింటికీ ఒకే ద్వారం లభించడం సామాన్య విషయం కాదు.

ఇక్కడ 'బంధువు' అనగా బిడ్డకు పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, ఉభయపక్షాల తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. పెద్దక్క గాని, పెదనాన్న కొడుకు గాని ఈ నిర్వచనంలోనికి రారు.

ఒక ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లాలో తల్లిదండ్రులను కోల్పోయిన తొమ్మిదేండ్ల బాలికను, సెక్టర్ 2లో ఉన్న మేనమామ దంపతులు తమ బిడ్డగా స్వీకరించ దలచారని అనుకొందాము. వారికి ఇదివరకే ఒక కుమార్తె ఉన్నది. కనుక 1956 చట్టపు మార్గం వారికి మూసుకొన్నది. బాల న్యాయ చట్టంలో అట్టి అడ్డంకి లేదు. బయటి బిడ్డను కోరే దంపతులకు వర్తించే వయఃపరిమితులు సైతం బంధు దత్తతకు వర్తించవు.

వారు ముందుగా కేంద్ర దత్తత వనరుల సంస్థ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని, జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని సంప్రదించవలెను. కన్నవారు జీవించి ఉంటే వారి సమ్మతి కావలెను. ఈ ఉదాహరణలో వారు లేరు గనుక బాలల సంక్షేమ సమితి అనుమతి అవసరం. బంధుత్వాన్ని, ఆర్థిక, సామాజిక స్థితిగతులను తెలుపుతూ దంపతులు ప్రమాణపత్రం సమర్పించవలెను. పూర్వం న్యాయస్థానం ఇచ్చిన దత్తత ఉత్తర్వును 2022 సెప్టెంబరు 1 నుండి జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు. విచారణ గోప్యంగా జరగవలెను. దరఖాస్తును రెండు నెలలలో పరిష్కరించవలెనని చట్టం నిర్దేశించినది. బిడ్డ నిమిత్తం డబ్బు ఇచ్చిపుచ్చుకొనడం నిషిద్ధం.

ఉత్తర్వు వెలువడిన నాటి నుండి ఆ బాలిక అన్ని విధాల ఆ దంపతుల బిడ్డ అవుతుంది. కన్నవారి నుండి ఆమెకు అదివరకే సంక్రమించిన ఇల్లు, భూమి ఏవైనా ఉంటే అవి ఆమెవే. దత్తతతో అవి తరిగిపోవు. ఆస్తి కోసం బిడ్డను ఎవరు తీసుకొనవలెనని బంధువులు కలహించే సందర్భాలలో ఈ నిబంధన ఎంతో విలువైనది.

బిడ్డ మాట

ఐదేండ్లు, ఆపై వయస్సు గల బిడ్డ సమ్మతిని కూడా నియమాలు కోరుతున్నవి. పెద్దలు ఇంటి అరుగు మీద కూర్చుండి నిర్ణయించే కాలంలో ఈ ప్రశ్న ఎవరూ అడుగలేదు. ఊరు, భాష, బడి, స్నేహితురాండ్రు అన్నీ మారిపోయే బాలికను 'నీకు ఇష్టమేనా' అని అడగడం లాంఛనం కారాదు. ఆమె జవాబు వినే ఓర్పు పెద్దలకు ఉండవలెను. ఆమె కన్నవారి జ్ఞాపకాన్ని చెరిపివేయ బూనడం కూడా తగదు. మేనమామ తండ్రి స్థానానికి వచ్చినంత మాత్రాన అమ్మకు అన్న కాకుండా పోడు.

దత్తత ఒకసారి జరిగిన పిమ్మట, నచ్చలేదని త్రోసిపుచ్చడం తగదు. కన్నవారు జీవించి ఉండి, పేదరికమే అసలు కారణమైతే, బిడ్డను వేరుచేయనక్కర లేదు. మిషన్ వాత్సల్య పథకంలో అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం అందే ఏర్పాటు ఉన్నది. చదువుకు సాయపడుతూ బిడ్డను కన్నవారి వద్దనే ఉంచడం అప్పుడు ఉత్తమం. దత్తత అవసరమైనచోట మాత్రం దానిని నోటిమాటగా వదలిపెట్టక, చట్టబద్ధం చేయడం పెద్దల విధి. అనాథగా వచ్చిన బిడ్డ ఇంటిలో అతిథిగా కాక, హక్కు గల సంతానంగా పెరగడానికి ఆ ఒక్క ఉత్తర్వే ఆధారం.