వార్ధక్యంలో కీళ్ళవాతం – ఆహార నియమాలు

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. వార్ధక్యంలో ఆ భాగ్యానికి తరచుగా గండి కొట్టేది మోకాలి నొప్పి. నొప్పి మొదలు కాగానే మన యిళ్ళలో పప్పు, వంకాయ, బంగాళాదుంప ‘వాతం చేస్తాయి’ అని మాన్పిస్తారు. మా నాయనమ్మగారు రెండేళ్ళు పప్పు ముట్టక చారన్నంతోనే సరిపుచ్చుకున్నారు. నొప్పి తగ్గలేదు సరికదా, లేచి నిలబడే సత్తువ కూడ సన్నగిల్లింది. కనుక కీళ్ళకు ఏది మేలో, ఏది చేటో శాస్త్రదృష్టితో విచారించటం అవసరం.

కీళ్ళవ్యాధులు నూటికి పైగా ఉన్నాయి. వృద్ధులలో అధికంగా కనిపించేది ఆస్టియో ఆర్థ్రయిటిస్. ఎముకల కొనలను కప్పి ఉండే మృదులాస్థి క్రమంగా క్షీణించి, కీలు నొప్పిపెట్టి బిగుసుకొనటం దీని లక్షణం. వయస్సును, వంశపారంపర్యాన్ని మనం మార్చలేము, దేహభారాన్ని మార్చగలం. 2005లో అమెరికాలో వెలువడిన పరిశోధన ప్రకారం, స్థూలకాయులలో శరీరం ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలిపై సుమారు నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుంది. 2013లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, 55 ఏళ్ళు దాటి అధిక బరువుతో మోకాలి నొప్పులున్న 454 మందిని 18 నెలలు పరిశీలించారు. మితాహారం, వ్యాయామం రెండూ పాటించినవారికే ఎక్కువ ఉపశమనం లభించింది.

రెండవది గౌటు. రక్తంలో యూరిక్ ఆమ్లం మితిమీరి, కీళ్ళలో సూదులవంటి స్ఫటికాలుగా పేరుకొనటం వల్ల ఇది కలుగుతుంది. తరచుగా కాలి బొటనవ్రేలు ముందుగా వాచి ఎర్రబడుతుంది. 2004 నాటి ఒక పరిశోధనలో 47,150 మంది పురుషులను 12 సంవత్సరాలు గమనించగా, మాంసం, చేపలు అధికంగా భుజించినవారికి గౌటు ఎక్కువగానూ, పాలు, పెరుగు వాడినవారికి తక్కువగానూ వచ్చింది. పప్పుదినుసులు, పాలకూర వంటివి ముప్పును పెంచలేదు. కాబట్టి పప్పుపై మోపిన నింద నిలువదు. తగ్గించవలసినవి మాంసం, కలేజీ, మద్యం, తియ్యని శీతల పానీయాలు.

ఉదయం చాలసేపు చేతివ్రేళ్ళు బిగుసుకొని, రెండు చేతుల కీళ్ళూ వాచినచో అది ర్యుమటాయిడ్ వ్యాధి కావచ్చును. దానికి పథ్యం ఔషధానికి బదులు కాజాలదు. వైద్యుని వద్దకు వెళ్ళటంలో ఆలస్యమైతే కీళ్ళు వంకరపోతాయి.

ఇక మన కంచం సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో, 2000 కేలరీల దినాహారానికి ధాన్యాలు 250 గ్రాములు, కాయకూరలు 400 గ్రాములు, పప్పు లేదా గ్రుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. మన కంచంలో ఈ లెక్క తలక్రిందులు: అన్నం కొండంత, కూర గోరంత. మోకాలిని నిలబెట్టేవి తొడ కండరాలు. వాటికి మాంసకృత్తులు కావాలి. కనుక వృద్ధులు తగ్గించవలసినది అన్నం, నూనె, చక్కెర, పప్పు కాదు. మూత్రపిండ వ్యాధి గలవారు మాత్రం వైద్యుని సలహా పాటించాలి.

విద్యార్థి మిత్రులారా! మనం చదివిన చదువు మన పెద్దల కంచం వరకు చేరాలి. మా నాయనమ్మగారి కంచంలోకి పప్పు తిరిగి వచ్చింది. అన్నం ఒక గరిటె తగ్గింది. నొప్పి పూర్తిగా పోలేదు. కాని ఇప్పుడు వారు గోడ పట్టుకోకుండానే లేచి నిలబడుతున్నారు.