తేనెటీగలును సీతాకోకచిలుకలును కోరు పూదోట

మా పాఠశాల యున్న ప్రాంతమునకు బషీర్‌బాగ్ అని పేరు. ‘బాగ్’ అనగా తోట. పైగా ప్రభువగు సర్ ఆస్మాన్ జా ఇచ్చట కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ వలన ఈ పేరు నిలిచినది. నేడా భవనము లేదు. దాని తోటయు లేదు. అంగళ్లును, కార్యాలయములును, వాహనముల రొదయును మిగిలినవి. అయినను నాంపల్లిలోని బాగె ఆమ్ మనకు చేరువనే యున్నది. పాఠశాలల యావరణములలో, ఇండ్ల ముంగిళ్లలో, డాబాలపైని కుండీలలో కొంత మన్ను మన చేతిలో నున్నది. ఆ మన్నులో నేమి నాటవలెనన్నదే యీ వ్యాసమునకు విషయము.

ఈ ప్రశ్న మాకు పుస్తకము వలన కలుగలేదు. ఒక గుమ్మడితీగ వలన కలిగినది. తోటపని నేర్చు విద్యార్థులమందఱము ఆవరణపు మూలలో గుమ్మడి గింజలు విత్తితిమి. తీగ బాగుగ సాగెను; పూలు విరివిగ పూచెను. కాని పిందెలన్నియు బొటనవ్రేలియంతయై, పసుపువాఱి, రాలిపోయెను. ఎరువు చాలలేదని కొందఱమును, నీరు మిక్కుటమైనదని కొందఱమును వాదించితిమి. తుద కొకనాటి ప్రాతఃకాలమున ఒక మగపూవును త్రుంచి, దాని పుప్పొడిని ఆడుపూవు కీలాగ్రమునకు తాకించితిమి. ఆ పిందె నిలిచెను. లోపము మన్నులో లేదు, తీగలోను లేదు. గుమ్మడిపూవు తెల్లవాఱుచుండగా విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఆ కొలది గడియలలో పుప్పొడి మోయు తేనెటీగయే మా తోటకు వచ్చుట లేదు.

ఏల రాలేదు? మా తోటలో పూలు లేవా? కలవు. కాగితపుపూల తీగయు, ముద్దమందారమును, ముద్దచామంతియు, వన్నెవన్నెల క్రోటన్ల వరుసలును గలవు. చూపరులకవి వేడుక; తేనెటీగకు మాత్రము వడ్డన లేని పెండ్లిపందిరి. ముద్దపూలలో కేసరములు చాలవఱకు రేకులుగా మాఱియుండును. కావున పుప్పొడి స్వల్పము. మకరందమున్నను రేకుల గుంపు దారి నడ్డగించును. అందుచే మేము నేర్చిన మొదటి పాఠమిది: ముద్దబంతి కంటె రేకబంతియు, ముద్దమందారము కంటె రేకమందారమును మేలు.

రెండవ పాఠము రంగును గూర్చినది. తేనెటీగకు రంగులు తెలియునని కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు 1914లో నిరూపించెను. ఆయన నీలపు అట్టముక్కపై చక్కెరనీరుంచి తేనెటీగలకు అలవాటు చేసెను. పిదప వట్టి నీలపు ముక్కను బూడిదవన్నె ముక్కల నడుమ నుంచెను. ఈగలు తప్పక నీలపు ముక్కనే చేరెను. ఎఱుపును మాత్రమవి నలుపునుండి వేఱుపఱుపలేకపోయెను. తేనెటీగల విషయమున చేసిన పరిశోధనలకు గాను 1973లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. కావున తేనెటీగల కొఱకు నీలము, ఊదా, పసుపు, తెలుపు వన్నెల పూలు నాటుట యుక్తము. తులసి, సబ్జా, ఆవ, ధనియాలు, ప్రొద్దుతిరుగుడు వానికి ప్రియములు. సీతాకోకచిలుకలలో పలుజాతులు ఎఱుపును కూడ గుర్తింపగలవు. వాని తొండము పొడవు. అందుచే నూరువరహాల పూల సన్నని గొట్టములలోని తేనెను సులభముగ పీల్చగలవు. గుత్తిగా పూచు పూలు వాని కాళ్లకు ఆనిక నిచ్చును. బంతి, జినియా, పెంటాస్ ఇట్టివి.

ఇక తంగేడు. బతుకమ్మ పండుగకు మన యాడపడుచులు పేర్చు ఈ పూవును 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పముగ ప్రకటించిరి. ఇది పుప్పొడినే విందుగ నిచ్చు పూవు. దీని కేసరముల కొనలయందు సన్నని రంధ్రము లుండును. నల్లని తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని ఱెక్కల కండరములను కదల్చినప్పుడే పుప్పొడి ఆ రంధ్రములగుండ రాలును. వంకాయ, టమాటా పూలకును ఇదియే పద్ధతి. తేనెటీగ కీ విద్య తెలియదు. కావున ఒక్క జాతి కీటకమును పిలిచినంత మాత్రమున తోట పని తీఱదు. పలువురు అతిథులకు పలుతీరుల వడ్డన కావలెను.

మూడవ పాఠము మాకు సిగ్గు గలిగించినది. మా నిమ్మమొక్క లేతాకులపై పక్షిరెట్టవలె కనబడు పురుగులుండెను. తాకినచో నారింజవన్నె కొమ్ముల జంట నొకదానిని వెలికి చాచి దుర్గంధము చిమ్మెడివి. మేము వానిని ఏరి నలిపివైచి, మొక్కను కాపాడితిమని సంతోషించితిమి. పిమ్మట, సీతాకోకచిలుకలేల వచ్చుట లేదని విచారించితిమి. ఆ పురుగులే నిమ్మ సీతాకోకచిలుక బిడ్డలని మాకు తరువాత తెలిసినది. గ్రుడ్డునుండి ఱెక్కలు వచ్చువఱకు వానికి సుమారొక నెల పట్టును. పూలు తల్లికి విందు మాత్రమే. ఆకులు బిడ్డకు ప్రాణము. ఏ యాకైనను చాలునా? చాలదు. నిమ్మ, కఱివేప, మారేడు ఈ జాతికి తగినవి. తంగేడు, రేల ఆకులపై లేతపసుపు వన్నె సీతాకోకచిలుకలు పెరుగును. ఆముదపుటాకు ఒక జాతికి, ఈశ్వరితీగ వేఱొక జాతికి, గన్నేరాకు మఱియొక జాతికి ఆహారము. జిల్లేడును తిను ప్లెయిన్ టైగర్ అను జాతి, ఆ పాలలోని విషమును తన దేహమున దాచుకొనును. పక్షులు దానిని ముట్టుటకు జంకును. అయితే జిల్లేడుపాలు కంటికి హానికరములు. ఆ మొక్కను బాలురు తాకరాని చోటనే పెంచవలెను. తాకినచో చేతులు కడుగుకొనవలెను.

ఋతువులను కూడ గమనింపవలెను. వర్షములు వెనుకబట్టిన పిదప కార్తికమువఱకు పూలకు కొదవ లేదు. అప్పుడు బంతియు, గునుగును, తంగేడును నిండుగ పూచును. వేసవిలోనే కఱవు. ఆ కాలమున వేప, కానుగ, చింత మొదలగు వృక్షములే తేనెటీగలను పోషించును. వేసవికి ముందు మునగ యాదుకొనును. చెట్టునకు చోటు లేనివారు కుండీలో తులసిని పెంచి, చిన్న గులకరాళ్లుంచిన మూకుడులో నీరు పోసియుంచిన చాలును. ఈగలు ఱాళ్లపై వ్రాలి, మునుగక దప్పి తీర్చుకొనును. కలుపు మొక్కలని మనము పెఱికివైచు తుమ్మియు, గడ్డిచామంతియు ఎన్నియో చిన్న సీతాకోకచిలుకలకు నిత్యాన్నసత్రములు. మూలనొక జానెడు నేల వానికి విడుచుట నష్టము గాదు.

చేయరానివి రెండు గలవు. పూచియున్న మొక్కపై పురుగుమందు చల్లరాదు. అది పురుగుతోపాటు పూవునకు వచ్చిన యతిథిని కూడ చంపును. ఎత్తైన మేడల చూరులకు వ్రేలాడు పెద్ద తేనెపట్టులపై ఱాళ్లు రువ్వరాదు, నిప్పు పెట్టరాదు. ఆ యీగలు మిక్కిలి తీవ్రముగ కుట్టును గనుక దూరముగ నుండుటయే క్షేమము.

ఇప్పుడు మా తోట చూచువారికి మునుపటంత చక్కగ నుండదు. నిమ్మమొక్కలు రెండింటిలో నొకదానిని పురుగులకే విడిచితిమి. దాని యాకులు సగము చిల్లులు పడినవి. సందర్శకుడొకరు, తోటపని మానితిరా యని మమ్మడిగిరి. మాకు నవ్వు వచ్చెను. ఆ మొక్కకు వానలతో మరల చిగుళ్లు వచ్చినవి. దానినుండి ఱెక్కలు తొడిగి యెగిరినవానిని మేము మా కన్నులతో చూచితిమి. ఈ యేడు గుమ్మడిపూలకు మేము చేతితో పుప్పొడి తాకింపలేదు. రెండు కాయలు మాత్రమే నిలిచినవి. కాని యవి తేనెటీగలు నిలిపిన కాయలు. సోదర విద్యార్థులారా! మీ యింట నొక్క కుండీ యున్నను, అందొక కఱివేప నాటుడు. దానిపై పురుగు కనబడినచో నలుపుటకు ముందు ఒక నెల యోర్చుకొనుడు. బషీర్‌బాగ్ పేరులోని తోట మరల మొలచుట అట్టి కుండీలతోనే ప్రారంభము కావలసియున్నది.