మొక్కజొన్న ఆకు కణాలలో హరితరేణువుల వికాస భేదాలు

నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి ప్రాంతపు ఎర్ర చెల్క నేలల్లో మొక్కజొన్న మోకాలెత్తు దశలో పాలిపోయినప్పుడు దానిని నత్రజని లోపంగా భావించి యూరియా వేయడం పరిపాటి. అయితే హరితరేణువులు అసలు ఏర్పడకపోవడం వేరు, ఏర్పడినవి క్షీణించడం వేరు. ఈ రెండింటి తేడా గుర్తించాలంటే ఆకులో హరితరేణువు వికసించే తీరు తెలియాలి.

మొక్కజొన్న ఆకు అడ్డుకోతలో ప్రతి ఈనె చుట్టూ పెద్ద కణాల వలయం, దాని వెలుపల పత్రాంతర కణాల వలయం కనిపిస్తాయి. 1884లో ఈ అమరికను వివరించిన హాబర్లాంట్ దీనిని పూలదండతో పోల్చాడు. క్రాంజ్ అన్న జర్మన్ పేరు అలా వచ్చినదే. రెండు ఈనెల తొడుగుల మధ్య సాధారణంగా రెండే పత్రాంతర కణాలు ఉంటాయి. పత్రాంతర కణాల హరితరేణువులలో గ్రానా దొంతరలు స్పష్టంగా ఉంటాయి. తొడుగు కణాలలోని హరితరేణువులు పరిమాణంలో పెద్దవి, ఈనెకు దూరంగా బయటి గోడ వైపు చేరి ఉంటాయి. పక్వదశలో వాటిలో గ్రానా దాదాపు ఉండవు, కాంతివ్యవస్థ-2 చర్య స్వల్పం.

ఈ నిర్మాణ భేదం వెనుక పని విభజన ఉంది. పత్రాంతర కణంలో పెప్ కార్బాక్సిలేజ్ బంధించిన కార్బన్ మాలేట్ రూపంలో కణద్రవ్య బంధాల గుండా తొడుగు కణానికి చేరుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ విడుదలై రూబిస్కోకు అందుతుంది. కాంతివ్యవస్థ-2 తక్కువ కనుక తొడుగులో ఆక్సిజన్ విడుదల తక్కువ, కాంతిశ్వాసక్రియ నష్టమూ తక్కువ.

గమనించవలసిన విశేషం, ఈ రెండు రకాలూ ఒకే విధమైన ప్రాథమిక ప్లాస్టిడ్ల నుంచి పుట్టినవే. మొక్కజొన్న ఆకు అడుగు నుంచి పెరుగుతుంది కనుక లేత కణాలు అడుగున, పక్వ కణాలు కొనన ఉంటాయి. వికాస దశలన్నీ ఒకే ఆకు పొడవునా వరుసగా దొరకడం పరిశోధకులకు పెద్ద వరం. లేత భాగంలో తొడుగు కణాల హరితరేణువులకు కూడా గ్రానా ఉంటాయి. కణం ముదిరేకొద్దీ అవి తగ్గిపోతాయి. కాబట్టి గ్రానా లేకపోవడాన్ని వికాస లోపంగా చెప్పడం తప్పు, అది వికాసంలో భాగమే.

ఈ భేదానికి వెలుతురు, ఈనె సామీప్యం రెండూ అవసరం. చీకటిలో పెరిగిన ఆకులో రూబిస్కో రెండు రకాల కణాలలోనూ కనిపిస్తుంది. కండెను కప్పే పొట్టాకులలో ఈనెలు దూరదూరంగా ఉంటాయి. వాటికి దూరమైన కణాలు వెలుతురులో ఉన్నప్పటికీ సీ-3 తీరునే నిలుపుకుంటాయి. 1926లో జెంకిన్స్ వర్ణించిన గోల్డెన్-2 ఉత్పరివర్తకంలో ప్రధానంగా తొడుగు కణాల హరితరేణువులే సరిగా ఎదగవు. ఆ జన్యువు ఒక నియంత్రక ప్రోటీన్‌కు చెందినదని 1998లో తేలింది.

ఇక క్షేత్ర స్థాయికి వస్తే, జింకు మొక్కలో సులభంగా తరలదు. కనుక దాని లోపం లేత ఆకుల అడుగు భాగంలో, నడిమి ఈనెకు ఇరువైపులా తెల్లని వెడల్పాటి చారలుగా కనబడుతుంది. అంటే హరితరేణువులు ఏర్పడే చోటే అవి దెబ్బతింటున్నాయి. నత్రజని లోపంలో ముదురు ఆకుల హరితరేణువుల ప్రోటీన్లు విచ్ఛిన్నమై నత్రజని లేత ఆకులకు తరలిపోతుంది. పసుపు రంగు కొన నుంచి నడిమి ఈనె వెంట కిందికి దిగుతుంది. మొదటి సందర్భంలో యూరియా ఉపయోగపడదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి.

తొడుగు కణాలలో కాంతివ్యవస్థ-2 తక్కువ కనుకనే మొక్కజొన్న అట్రజిన్‌ను తట్టుకుంటుందని కొందరు విద్యార్థులు రాస్తుంటారు. పత్రాంతర కణాలలో ఆ వ్యవస్థ పూర్తిగా ఉన్నదన్న సంగతి వారు మరుస్తారు. మొక్కజొన్న ఆ మందును ప్రధానంగా గ్లూటాథియోన్‌తో జతచేసి నిర్వీర్యం చేస్తుంది.

ఈ భేదాన్ని కళాశాల ప్రయోగశాలలోనే చూడవచ్చు. ఎండ కాసిన రోజు సాయంత్రం కోసిన ఆకును వేడి నీటి పాత్రలో ఉంచిన ఆల్కహాల్‌లో రంగు పోయేవరకు మరిగించి అయోడిన్‌లో ముంచితే ఈనెల వెంట నల్లని గీతలు తేలుతాయి. పిండిపదార్థం ముఖ్యంగా తొడుగు కణాలలో నిలవ ఉండటమే కారణం. అదే పరీక్ష వేరుశనగ ఆకుపై చేస్తే ఆకంతా నల్లబడుతుంది.