జ్ఞానస్నానం పొందని మన ఆత్మీయులకు రక్షణ ఉందా?

నవంబరు 2న, మృతుల స్మరణ దినాన, చనిపోయిన మనవారి పేర్లు రాసి గురువులకు అందజేస్తాం. హైదరాబాదు అగ్రపీఠంలోని మన గజ్వేల్ వంటి చోట, ఒకే ఇంట వేర్వేరు మతాలవారు ఉన్న కుటుంబాలకు అప్పుడొక సందేహం కలుగుతుంది. “మా అమ్మ హిందువుగానే కన్నుమూసింది. ఎవరికీ కీడు చేయలేదు. ఆమెకు రక్షణ ఉందా? ఆమె పేరు పూజలో రాయించవచ్చా?”

శ్రీసభకు వెలుపల రక్షణ లేదన్న బోధ 3వ శతాబ్దపు పునీత సిప్రియన్ నాటి నుండి వస్తున్నదే. కాని కతోలికులు కానివారందరూ నశిస్తారని దాని అర్థం కాదు. అమెరికాలోని బోస్టన్‌లో కొందరు అలా బోధించగా, అది తప్పని 1949లో రోము స్పష్టం చేసింది.

1964లో రెండవ వాటికన్ మహాసభ, శ్రీసభను గూర్చిన అధికార పత్రంలో (16) ఇలా బోధించింది: తమ తప్పేమీ లేకుండా క్రీస్తును, ఆయన శ్రీసభను ఎరుగనివారు, దేవుని నిష్కపటంగా వెదకుతూ, వరప్రసాద సహాయంతో తమ అంతరాత్మ ప్రకారం నడుచుకుంటే రక్షణ పొందగలరు. “పొందగలరు” అన్నదే గాని, అందరూ పొంది తీరుతారని అనలేదు. ఏ మతమైనా ఒకటేనని కూడా అనలేదు. ఎవరు రక్షణ పొందినా అది క్రీస్తు సిలువ ఫలమే.

“మా అమ్మ యేసు పేరు విన్నది గదా, ఎరుగనిది ఎలా అవుతుంది?” అని అడగవచ్చు. పేరు చెవిన పడటం వేరు, సువార్త హృదయాన్ని తాకటం వేరు. ఆమెకు ఎంత తెలిసిందో, ఏది అడ్డుపడిందో దేవుడొక్కడే ఎరుగును. తీర్పు మనది కాదు.

అయితే సువార్త ప్రకటన ఎందుకు? అపోస్తలుల కార్యములు 10వ అధ్యాయం చదవండి. కొర్నేలి ప్రార్థనలు, దానధర్మాలు జ్ఞానస్నానానికి ముందే దేవుని సన్నిధికి చేరాయి. అయినా దేవుడు పేతురును అతని ఇంటికి పంపాడు. వరప్రసాదం పేతురు కంటే ముందే ఆ గడప తొక్కింది, కాని పేతురు రాక అనవసరం కాలేదు.

ఇక పూజ సంగతి. 392లో వాలెంటీనియన్ చక్రవర్తి జ్ఞానస్నానం కోరుకొని, అది పొందకుండానే మరణించాడు. దుఃఖిస్తున్న అతని సోదరీమణులను పునీత అంబ్రోసు ఓదార్చి, అతని ఆత్మ కొరకు ప్రార్థించారు. నేటి శ్రీసభ చట్టం (901) ప్రకారం, జీవించి ఉన్నవారైనా మరణించినవారైనా, ఎవరి కొరకైనా గురువు దివ్యబలిపూజ సమర్పించవచ్చు. కనుక మీ అమ్మ పేరు నిస్సంకోచంగా రాయించండి.

చివరగా మనకొక హెచ్చరిక. శ్రీసభలో ఉండి కూడా ప్రేమలో నిలువనివారు రక్షణ పొందరని అదే మహాసభ (14) బోధించింది. మన పేరు జ్ఞానస్నానాల పుస్తకంలో ఉంటే చాలదు. మన ఇంట ఉన్న అన్యమత బంధువు మనలో క్రీస్తును చూడగలుగుతున్నారా? ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్న వేసుకుందాం.