సైన్స్ సబ్‌స్క్రిప్షన్ బాక్స్ కొనాలా, వద్దా? డబ్బు కట్టే ముందు వేసుకోవాల్సిన 4 లెక్కలు

నెలనెలా ఇంటికి ఒక బాక్స్ వస్తుంది. అందులో బోర్డు, సెన్సర్లు, వైర్లు, ఒక రంగుల బుక్‌లెట్ ఉంటాయి. యాడ్ చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. నేనూ అలాగే పడిపోయాను. ఏడో తరగతి చదివే మా మేనల్లుడి కోసం ఒక ఎలక్ట్రానిక్స్ బాక్స్‌కి మూడు నెలల ప్లాన్ తీసుకున్నా. మొత్తం రూ.5,400, అంటే బాక్స్‌కి రూ.1,800. ఇప్పుడు మా అక్క అడుగుతోంది, "ఏడాదికి కట్టేయమంటావా తమ్ముడూ?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నేను వేసిన లెక్కలే ఈ ఆర్టికల్. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ లెక్కలు ఏ బాక్స్‌కైనా పనికొస్తాయి.

లెక్క 1: పార్ట్స్ విడిగా కొంటే ఎంత?

మొదటి బాక్స్‌లో ఆర్డునో ఊనో లాంటి బోర్డు, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్, ఒక చిన్న సర్వో మోటార్, బ్రెడ్‌బోర్డ్, జంపర్ వైర్లు, కొన్ని ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు వచ్చాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లి ఇవే పార్ట్స్ ధరలు అడిగా. బోర్డు 450, సెన్సర్ 90, సర్వో 130, బ్రెడ్‌బోర్డ్ 80, వైర్లు 70, చిల్లర సామాను 50. మొత్తం రూ.870.

రెండో బాక్స్‌లో బోర్డు లేదు, మొదటిదే వాడమన్నారు. డీహెచ్‌టీ11 టెంపరేచర్ సెన్సర్, చిన్న ఎల్‌సీడీ డిస్‌ప్లే, రిలే, బజర్ కలిపి రూ.380. బాక్స్ ధర మాత్రం అదే 1,800.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఖరీదైన బోర్డు మొదటి బాక్స్‌లోనే వచ్చేస్తుంది. తర్వాతి బాక్స్‌లలో పార్ట్స్ విలువ తగ్గుతుంది, ధర తగ్గదు. అన్‌బాక్సింగ్ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఆ మొదటి బాక్సే. కాబట్టి రివ్యూ చూసేటప్పుడు మూడో, నాలుగో బాక్స్‌లో ఏముందో వెతకండి.

లెక్క 2: మిగతా డబ్బు దేనికి?

1,800లో 870 తీసేస్తే 930 మిగిలింది. అది మోసం అని నేను అనను. ఎవరో కూర్చుని ప్రాజెక్ట్ డిజైన్ చేశారు, కోడ్ రాశారు, పార్ట్స్ అన్నీ ఒకచోట పెట్టి పంపారు. 12 ఏళ్ల పిల్లాడికి ఇది పెద్ద సాయమే. ఒక్క రెసిస్టర్ తక్కువైతే ప్రాజెక్ట్ ఆగిపోతుంది, మళ్లీ ఆర్డర్ పెట్టి వచ్చేదాకా వాడి ఉత్సాహం ఉండదు.

అయితే ఆ 930కి బుక్‌లెట్ ఏం నేర్పిందో చూడాలి. నా పరీక్ష సింపుల్. ప్రాజెక్ట్ పూర్తయ్యాక పిల్లాడికి కొత్త ప్రశ్న వచ్చిందా? వస్తే దానికి బుక్‌లెట్‌లో దారి ఉందా?

మా వాడి విషయంలో జరిగింది ఇది. రాత్రి ఇంట్లో గోడకి సరిగ్గా 200 సెంటీమీటర్ల దూరంలో సెన్సర్ పెడితే 198 చూపించింది. మర్నాడు మధ్యాహ్నం, మే నెల ఎండలో డాబా మీద అదే దూరానికి 194 చూపించింది. "మామయ్యా, ఎండకి సెన్సర్ పాడైందా?" అని ఫోన్ చేశాడు. బుక్‌లెట్‌లో చూస్తే "వైర్లు లూజ్‌గా ఉన్నాయేమో చూడండి" అని మాత్రమే ఉంది.

అసలు సంగతేంటంటే, ఆ సెన్సర్ శబ్దాన్ని పంపి, అది గోడకి తగిలి తిరిగొచ్చే టైమ్‌ని కొలుస్తుంది. కోడ్‌లో ఆ మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. ఆ 58 అనేది గాలి సుమారు 20 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. అప్పుడు శబ్దం వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. 40 డిగ్రీల్లో అది 355కి పెరుగుతుంది. శబ్దం త్వరగా తిరిగొచ్చేస్తుంది, కోడ్ మాత్రం దూరం తగ్గిందనుకుంటుంది. సెన్సర్ బాగానే ఉంది, 58 తప్పు!

తమాషా ఏంటంటే, దీన్ని సరిచేయడానికి కావాల్సిన టెంపరేచర్ సెన్సర్ రెండో బాక్స్‌లో వచ్చింది. రెండూ కలిపి వాడొచ్చని ఎక్కడా రాయలేదు. వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చుని కోడ్‌లో ఒక లైన్ చేర్చాం: వేగం = 331.3 + 0.606 × టెంపరేచర్. డాబా మీద మళ్లీ పెడితే 199 వచ్చింది. వాడి అరుపు పక్కింటికి వినిపించి ఉంటుంది. నా దృష్టిలో రూ.1,800 విలువైన సైన్స్ అదే. కానీ అది బాక్స్‌లో లేదు.

లెక్క 3: పూర్తి చేసినవి ఎన్ని?

మూడో బాక్స్ వచ్చేసరికి స్కూల్ తెరిచారు. అది ఇప్పటికీ సీల్ తీయకుండా బీరువా మీద ఉంది. అంటే 5,400కి పూర్తయినవి రెండే. ఒక్కోదానికి నిజంగా పడింది 2,700. ఏడాది ప్లాన్‌లో "నెలకి ఇంతే" అని చూపించే డిస్కౌంట్‌ని ఇలాగే చూడాలి. 12తో కాదు, మీ ఇంట్లో నిజంగా తెరిచే బాక్స్‌ల సంఖ్యతో భాగించండి.

లెక్క 4: ఆటోపే

ఇది నా తప్పు. మూడు నెలలయ్యాక ప్లాన్ రెన్యూ అయ్యి ఇంకో 5,400 కట్ అయింది. ఓటీపీ రాలేదేంటని మొదట ఆశ్చర్యపోయా. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్‌కి మొదట మాండేట్ ఇచ్చేటప్పుడు ఓటీపీ లేదా పిన్ అడుగుతారు. ఆ తర్వాత రూ.15,000 వరకు ప్రతిసారీ అడగక్కర్లేదు. కట్ చేసే 24 గంటల ముందు మెసేజ్ మాత్రం రావాలి. నాకూ వచ్చింది, ఆఫర్ మెసేజ్‌ల మధ్య చూడలేదు. ఫోన్ చేస్తే, ఒక బాక్స్ అప్పటికే బయల్దేరిందని మిగతా రెండింటి డబ్బు 3,600 వెనక్కి ఇచ్చారు.

కాబట్టి కట్టిన రోజే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్‌కి వెళ్లి మాండేట్ రద్దు చేయండి. అయితే ముందు కంపెనీ రూల్స్ చదవండి. పూర్తిగా ముందే కట్టిన ప్లాన్ అయితే మిగిలిన బాక్స్‌లు రావాలి, నెలనెలా కట్టేది అయితే ఆగిపోతాయి.

ముందు జేబులో ఉన్న బాక్స్ వాడండి

మీ ఫోన్‌లోనే యాక్సిలరోమీటర్, మాగ్నెటోమీటర్, మైక్ ఉన్నాయి. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఉచితం. అందులో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ తెరిచి రెండు ఫోన్లను 5 మీటర్ల దూరంలో పెట్టండి. మొదటి ఫోన్ దగ్గర ఒకరు, తర్వాత రెండో ఫోన్ దగ్గర ఇంకొకరు చప్పట్లు కొట్టండి. రెండు ఫోన్లలో టైమ్‌ల తేడా సుమారు 29 మిల్లీసెకన్లు ఉంటుంది. 10 మీటర్లను దానితో భాగిస్తే శబ్దం వేగం వస్తుంది. ఖర్చు సున్నా. ఆర్డునో కోడ్ నేర్చుకోవాలంటే టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్‌లో బోర్డు కొనకుండానే బ్రౌజర్‌లో ప్రాక్టీస్ చేయొచ్చు.

ఫైనల్ మాట

పక్కన కూర్చుని ప్రశ్నలకి జవాబు వెతికే మనిషి ఇంట్లో లేకపోయినా, పార్ట్స్ దొరికే షాపు దగ్గర లేకపోయినా ఒక్క బాక్స్ కొనండి, సబ్‌స్క్రిప్షన్ వద్దు. అది పూర్తయ్యాకే రెండోది. అక్కకి కూడా ఇదే చెప్పా: "ఏడాదికి కట్టొద్దు. నెలకి 400 పక్కన పెట్టు, వాడికి ఏం కావాలో వాడే లిస్ట్ రాస్తాడు. ఆదివారం ఒక గంట నేను కాల్‌లో కూర్చుంటా."

లిస్ట్ వచ్చేసింది. మొదటి లైన్‌లో ఒక వర్షం సెన్సర్ ఉంది. రెండో లైన్‌లో, బీరువా మీది బాక్స్ దించమని ఉంది.